లెబనాన్ రెడ్ వైన్లు: ఏళ్ల తరబడి తాగాక నా లెక్క

లెబనాన్ వైన్ సంస్థ షాతో మ్యూజార్ వారి రెడ్ తెరవగానే ముందు ముక్కుకి తగిలేది పళ్ల వాసన కాదు, నెయిల్ పాలిష్ వాసన. దాని వెనకే తోలు, కొంచెం గుర్రపుశాల. లండన్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లు చాలామంది అక్కడే గ్లాసు పక్కన పెట్టేస్తారు. వైన్ పాఠం చదివినవాళ్లయితే వోలటైల్ ఆసిడ్ (ఆవిరై ముక్కుకి తగిలే ఆమ్లం) ఎక్కువైంది, ఇది లోపమే అంటారు. కాదనను. కానీ ఒక గంట ఆగి చూడమంటాను. ఈలోపు ఆ ఘాటు చాలావరకు తగ్గి ఎండు అంజీరం, చెర్రీ, దాల్చినచెక్క వాసనలు పైకొస్తాయి. మిగిలిన వైన్‌కి కార్క్ బిగించి ఉంచితే మర్నాడు ఇంకా బాగుంటుంది. మర్నాటికి నీరుగారిపోయే ఖరీదైన వైన్లు ఎన్నో చూశాక, మ్యూజార్ మీద నా గౌరవం పెరిగింది.

ఈ సంస్థని 1930లో గాస్టన్ హోషార్ పెట్టారు. దానికి పేరు తెచ్చింది ఆయన కొడుకు సెర్జ్. ద్రాక్షతోటలు బెకా లోయలో, వైన్ చేసేది కొండలకి ఇవతల, బీరూట్‌కి ఉత్తరాన ఉన్న ఘజీర్‌లో. లెబనాన్ అంతర్యుద్ధం రోజుల్లో పండు ఆ దారిలోనే లారీల మీద రావాలి. 1976లో అసలు వైనే చేయలేకపోయారు. 1984లో లారీలు దారిలో చిక్కుకుపోయి, ఘజీర్ చేరేసరికే పండు పులియడం మొదలైంది. అదే ఏడు డికాంటర్ అనే బ్రిటిష్ వైన్ పత్రిక సెర్జ్‌ని 'మ్యాన్ ఆఫ్ ది ఇయర్'గా ఎంచుకుంది. ఈ కథ వినగానే రుచి కూడా పెరిగినట్టు అనిపిస్తుంది, అందుకే కొత్తవాళ్లకి తాగాకే చెబుతాను.

కాబెర్నె సావిన్యోన్, కారిన్యాన్, సాన్సో అనే మూడు ద్రాక్ష రకాలు కలిపి చేసే ఈ రెడ్‌ని పంట కోసిన ఏడేళ్లకి గానీ అమ్మకానికి పెట్టరు. వడపోత ఉండదు కాబట్టి మడ్డి బాగా దిగుతుంది. ముందురోజే సీసా నిలబెట్టి, కదపకుండా నెమ్మదిగా జగ్గులోకి వంచుకోవాలి. చివరి రెండు గుక్కలు వదిలేయడమే మంచిది. ఒక్కో ఏడాది సరుకు ఒక్కో తీరుగా ఉంటుంది. ఇక్కడ ధర ముప్పై పౌండ్లు దాటుతుంది, అంత పెట్టాక జూదం వద్దనుకునేవాళ్లు 'హోషార్ పేర్ ఎ ఫీస్' కొనుక్కోవచ్చు. అదే ఇంటి చెయ్యి, వాసనలో అంత మొండితనం ఉండదు.

బెకా లోయ సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. పగలు ఎండ దంచేసినా రాత్రి చల్లబడుతుంది. అందుకే పండు బాగా ముగ్గినా పులుపు నిలుస్తుంది. నాలుక పక్కల్లో నీరూరితే ఆ పులుపు ఉన్నట్టు, చిగుళ్లు పట్టేస్తే వగరు ఎక్కువైనట్టు. లెబనాన్ రెడ్‌లో నేను మొదట చూసేది ఈ రెంటి మధ్య పొత్తు కుదిరిందా లేదా అని.

షాతో క్సారా 1857లో జెసూట్ ఫాదర్లు మొదలుపెట్టింది. వాళ్ల 'రెజర్వ్ దు కూవాన్' సులువుగా దొరుకుతుంది, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, ఫిర్యాదు లేదు, గుర్తుండిపోయేది కూడా ఏమీ లేదు. పార్టీకి సరిపోతుంది. షాతో కెఫ్రాయా వారి 'కోంత్ ద ఎమ్' చాలామందికి ఇష్టం. నాకు అందులో పండు కంటే ఓక్ పీపా రుచే ముందొస్తుంది. సీసా చూపించకుండా ఇస్తే ఏ దేశానిదో చెప్పలేను.

నాకు నచ్చింది దొమేన్ దె టూరెల్ వారి పాత తీగల సాన్సో. 1868లో ఒక ఫ్రెంచి ఆయన బెకా లోయలోని ష్తౌరాలో పెట్టిన సంస్థ ఇది, అరక్‌కి (సోంపు వాసన ఉండే సారాకి) కూడా పేరున్నది. రంగు పల్చన, గ్లాసు వెనక వేలు కనిపిస్తుంది. ఎర్రటి పళ్లు, కాస్త మిరియం, వగరు చాలా తక్కువ. మన వంటతో లెబనాన్ రెడ్ తాగాలంటే ఇదే. కారం తగిలితే వగరు, ఆల్కహాల్ రెండూ నోట్లో మండుతాయి కాబట్టి బరువైన కాబెర్నె పనికిరాదు. సాన్సోని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి గోంగూర మటన్‌తో తీసుకోండి, ఆ పులుపుకి ఈ పులుపు చక్కగా నిలబడుతుంది. మ్యూజార్‌ని మాత్రం కారం లేని గొర్రెమాంసం కబాబుతోనే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఒక దుకాణంలో ఎండ పడే అద్దం పక్కన ఉన్న సీసా తెచ్చుకున్నాను, కార్క్ పైకి ఉబ్బి ఉంది. వైన్ ఉడికిన జామ్ వాసన కొట్టింది. వెనక్కి తీసుకెళ్తే, లెబనాన్ వైన్ అలాగే ఉంటుందండీ అన్నారు. అలా ఉండదు. నెయిల్ పాలిష్ వాసన గాలి తగిలితే తగ్గుతుంది, ఉడికిన వాసన మర్నాటికి కూడా పోదు.

ఒక్క 'కోంత్ ద ఎమ్' డబ్బుతో రెండు సాన్సోలు వస్తాయి. నేను అవే కొంటున్నాను.