తీరిక సైకిల్ యాత్రకు ఒకే మకామా, ఊరూరి మజిలీలా: ఏది మేలు?

స్థానిక చరిత్రనూ పండుగలనూ చూడాలని సైకిల్ మీద తీరికగా బయలుదేరేవారు, ఏ దారిన వెళ్లాలన్న దానికన్నా ముందు తేల్చుకోవలసినది మకాం సంగతి. ఒక ఊళ్లో బస కుదుర్చుకుని రోజుకో దిక్కుగా వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం ఒక పద్ధతి. సామానంతా సైకిల్‌కు కట్టుకుని ప్రతి రాత్రీ కొత్త ఊళ్లో దిగుతూ సాగిపోవడం రెండోది. తొక్కే దూరం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే కావచ్చు గానీ, చూడగలిగేది మాత్రం ఒకటి కాదు.

తీరికగా తొక్కేవారి వేగం గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి, 40 కిలోమీటర్ల రోజులో తొక్కడానికే సుమారు మూడు గంటలు పోయినా, మిగిలిన పగలంతా చూడటానికే కదా అనిపిస్తుంది. అయితే వెనక చక్రానికి ఇరువైపులా పది పన్నెండు కిలోల సంచులు వేలాడుతున్న సైకిల్‌తో ఒక పాత కోట ద్వారం ముందు దిగి చూడండి. సైకిల్‌కు తాళం వేయవచ్చు, సంచులకు వేయలేం; వాటిని భుజాన వేసుకుని మెట్లెక్కనూ లేం. ఒకరు కాపలా ఉంటే మరొకరు గబగబా లోపలికి వెళ్లి వచ్చేస్తారు. ఒకే మకాం ఉన్నవారికి ఈ బెడద లేదు: నీళ్ల సీసా, పంక్చర్ సామాను, వాన కోటు ఉంటే చాలు. పైగా, చూసినదాన్నే మళ్లీ చూసే వీలుంటుంది. నడినెత్తి ఎండలో అరిగిన శాసనపు అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. ఉదయమో సాయంత్రమో వెలుగు ఏటవాలుగా పడినప్పుడే గీతల లోతు నీడై కనిపిస్తుంది. ఆ వేళకు మర్నాడు మళ్లీ రాగలగడం మకాం ఉన్నవారికే సాధ్యం.

చరిత్ర ఒక చోట కాక ఒక దారి పొడవునా పరుచుకుని ఉన్నప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. డాన్యూబ్ నది వెంట జర్మనీలోని పస్సౌ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా ఉన్న సుమారు 300 కిలోమీటర్ల సైకిల్ దారిని ఒక ఊరి నుంచి చూసి రావడం కుదిరేది కాదు. స్పెయిన్‌లోని సాంతియాగో నగరానికి సాగే క్రైస్తవ తీర్థయాత్రలోనైతే నిబంధనే అలా ఉంది: నడిచేవారు కనీసం చివరి 100 కిలోమీటర్లు, సైకిల్‌పై వచ్చేవారు 200 కిలోమీటర్లు పూర్తి చేస్తేనే యాత్ర ముగించినట్టు ఇచ్చే పత్రం దక్కుతుంది. ఇలాంటి చోట్ల బరువు మోసినందుకు విచారించనక్కరలేదు.

పండుగల విషయంలో నా మొగ్గు ఒకే మకాం వైపే. పండుగ తేదీ మన కోసం ఆగదు. దారిలో ఒక రోజు ఎదురుగాలో వానో అడ్డుపడితే, మజిలీలు ముందే కట్టుకున్నవారు ఊరేగింపు ముగిసిన మర్నాడు చేరుకుంటారు. చాంద్రమానం ప్రకారం వచ్చే పండుగల తేదీలు ఏటా మారతాయి కనుక, నిరుటి తేదీని నమ్ముకుని బసలు కుదుర్చుకోవడం మరింత ప్రమాదం. పండుగ జరిగే ఊళ్లో కాక, దానికి పది పదిహేను కిలోమీటర్ల ఎడంగా మకాం పెట్టుకుంటే గది దొరకడం తేలిక, తొక్కేదీ ఒక గంటే. వీధులు మూసివేసి ఉంటాయి కాబట్టి సైకిల్‌ను ఊరి పొలిమేరలోనే వదిలి లోపలికి నడవడం మంచిది. రాత్రి తిరుగు ప్రయాణానికి ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం తప్పనిసరి. పున్నమి పండుగైనా వెన్నెలను నమ్ముకోకూడదు.

వారం, పది రోజుల వ్యవధి ఉన్నవారు రెండింటినీ కలుపుకోవచ్చు. మొదట దారి వెంట మజిలీలు చేస్తూ, పండుగకు రెండు రోజుల ముందే చివరి ఊరు చేరేలా లెక్క వేసుకుని, అక్కడ మూడు నాలుగు రాత్రులు నిలవాలి. ఆ రెండు రోజులూ ఆలస్యాలకు ఖర్చు కాకపోతే, పండుగ ఏర్పాట్లు చూడటానికి పనికొస్తాయి. పనిచేసేవారు తీరికగా మాట్లాడేది అప్పుడే. తిరుగు ప్రయాణానికి సైకిల్‌ను ఎక్కించుకునే రైలో బస్సో ఉందా అన్నది మాత్రం బయలుదేరక ముందే కనుక్కోవాలి.