చారిటీ షాపులో టై కొనే ముందు వెనక్కి తిప్పి చూడండి

లండన్‌లో నేను ఆఫీసుకి కట్టుకునే టైలు దాదాపు అన్నీ చారిటీ షాపుల్లో, అంటే జనం దానమిచ్చిన పాత వస్తువులు అమ్మి సేవా సంస్థలకి డబ్బు పోగేసే దుకాణాల్లో, కొన్నవే. కొన్నేళ్లుగా అవే వాడుతున్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నా, రంగూ డిజైనూ చూసి మురిసిపోకుండా ముందు టైని వెనక్కి తిప్పండి. బ్రాండు పేరు కూడా తర్వాతే. వెనకవైపు పొడవునా ఉన్న కుట్టు చేత్తో వేసిందై, వెడల్పు కొస లోపల ఆ దారం చివర కాస్త ఉచ్చులాగా వదులుగా కనిపిస్తే ఇంక ఆలోచించకుండా కొనేయొచ్చు.

ఆ వదులు దారంలోనే ఉంది అంతా. మంచి టై గుడ్డని 45 డిగ్రీల క్రాస్‌లో, అంటే నేతకి ఏటవాలుగా, మూడు ముక్కలుగా కత్తిరించి కలుపుతారు. 1920లలో న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. క్రాస్ గుడ్డ సాగుతుంది, ముడి బిగించినప్పుడల్లా లాగుతాం, అప్పుడు లోపలి దారం కూడా గుడ్డతో పాటు జరిగి మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. రాత్రి విప్పి హ్యాంగర్‌కి వేలాడదీస్తే పొద్దున్నకి ముడతలు దాదాపు ఉండవు. నేను కొత్తగా కొన్న మెషిన్ కుట్టు టై ఒకటి ఏడాది తిరక్కుండానే మెలి తిరిగిపోయింది, దానికంటే ఎంతో పాతదైన ఫెర్రగామో అనే ఇటలీ బ్రాండు టై, చిన్న చిన్న ఏనుగుల ప్రింటుది, ఇప్పటికీ తిన్నగా వేలాడుతుంది.

చెల్సీ, కెన్సింగ్టన్ లాంటి డబ్బున్న పేటల్లో వెతకండి. 2016లో జేపీ మోర్గాన్, 2019లో గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకులు డ్రెస్ కోడ్ సడలించాయి, కోవిడ్ తర్వాత సిటీలో, అంటే లండన్ బ్యాంకుల పేటలో, టై కట్టేవాళ్లు ఇంకా తగ్గారు. బీరువాలు ఖాళీ చేసేవాళ్లు సంచుల కొద్దీ తెచ్చి ఇస్తున్నారు. కొత్తది కొంటే 200 పౌండ్ల దగ్గర పడే ఎర్మెస్ అనే ఫ్రెంచి బ్రాండు టై నాకు పదిహేను పౌండ్లకి దొరికింది. ముదురు నీలం, దాని మీద చిన్న గుర్రపు కళ్లేల ప్రింటు, వెనక అంకెలూ రెండు అక్షరాలూ ఉన్న కోడ్, చేత్తో కుట్టిన కొసలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఆ టైకే తిప్పలొచ్చాయి. కొస మీద చిన్న మరక ఉందని మా పేటలో ఒక డ్రై క్లీనర్‌కి ఇచ్చాను. "మరక తీయండి చాలు, ప్రెస్ మాత్రం చేయొద్దు" అని చెప్పి, చీటీ మీద కూడా రాయించాను. వాళ్లు శుభ్రంగా ప్రెస్ చేసి, కవర్లో పెట్టి చేతికిచ్చారు. టై అంచు గుండ్రంగా, మెత్తగా ఉండాలి, అదేమో కాగితం మడిచినట్టు పదునుగా అయిపోయింది. లోపలి ఉన్ని అస్తరు పక్కకి జరిగింది, వెనక దారం ఒకచోట పుటుక్కుమంది. అడిగితే "పాత సరుకు సార్, ఇలాగే ఉంటుంది" అన్నారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు తెనాలి వెళ్లినప్పుడు టైని వెంట తీసుకెళ్లాను. మా అమ్మ చీరలకి ఫాల్ కుట్టే ఆవిడకి చూపించాను. ఆవిడ జన్మలో టై కుట్టలేదు. రెండు వేళ్లతో ఇటూ అటూ లాగి, "ఇది క్రాస్ గుడ్డ కదా బాబూ, దీన్ని ఇంతలా అణగదొక్కింది ఎవరు?" అంది. కుట్టంతా విప్పి, అస్తరు సరిచేసి, ఆవిరి పట్టించింది. ఇస్త్రీపెట్టెని గుడ్డకి తగలనివ్వకుండా బెత్తెడు పైనే ఉంచింది. తర్వాత ఫాల్‌కి వేసినట్టే వదులు వదులుగా హెమ్మింగ్ చేసి, చివర అంగుళం దారం వదిలి ముడేసింది. "ఎందుకు వదిలావు పిన్నీ?" అంటే, "లాగితే సాగొద్దూ మరి" అంది. ఆ మాట అనేటప్పటికి నేను ఆవిడకి టై గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అంచులో పాత గుండ్రం ముప్పావు వంతు తిరిగొచ్చింది, దగ్గరగా చూస్తే తప్ప తెలియదు.

చేతికుట్టుంటే ఆలోచించకుండా కొనేయొచ్చు అన్నాను గానీ, పట్టు మీద నీళ్ల మరక పడితే మాత్రం పోవడం కష్టం, ముడి పడే చోట అరిగితే దానికి మందు లేదు. ట్యూబ్‌లైట్ కింద ఆ రెండూ చూసుకోండి. లోపలి ఉన్నికి చిమట పట్టిందేమో వెలుతురుకి ఎత్తి చూడండి. పైగా ఇప్పుడు చాలా షాపులు పేరున్న టైలని విడిగా అద్దాల పెట్టెలో పెట్టి ధర పెంచేస్తున్నాయి, నాకు దొరికిన ధరలు మీకు దొరక్కపోవచ్చు.

నాకు వారంలో రెండు మూడు రోజులు క్లయింట్ల ముందుకి వెళ్లాలి, ఎత్తు కూడా మామూలే, కాబట్టి ఇవి నాకు కుదిరాయి. ఆరడుగులు దాటినవాళ్లకి 1940ల నాటివి బొడ్డు దాకా కూడా రావు, 70ల నాటివేమో నాలుగంగుళాలు దాటి వెడల్పుంటాయి. 90ల నాటివి చాలామందికి సరిపోతాయి. హైదరాబాద్‌లో ఉంటూ ఏడాదికోసారి పెళ్లి రిసెప్షన్‌కి కట్టేవాళ్లు ఇంత వెతకాలా అంటే, అక్కర్లేదనే అంటాను.