తొలి ఆసిలేటర్‌గా ఏది మేలు: కోల్పిట్సా, హార్ట్లీయా, క్రిస్టలా?

7 మెగాహెర్ట్జ్ హ్యామ్ రేడియో రిసీవర్ కట్టుకుందామని బెంగళూరు ఎస్పీ రోడ్డుకు (ఎలక్ట్రానిక్ విడిభాగాల బజారు) బయలుదేరే మన కుర్రాళ్లు ముందుగా అడిగేది ఇదే: "అన్నా, ఆసిలేటర్ ఏది కట్టమంటావు? ఎస్‌ఐ5351 మాడ్యూల్ కొనేస్తే పోదా?" ఆసిలేటరంటే కావలసిన ఫ్రీక్వెన్సీని పుట్టించే సర్క్యూట్; ఎస్‌ఐ5351 అదే పని చేసే రెడీమేడ్ చిప్. కోల్పిట్స్, హార్ట్లీ రెండూ కాయిల్, కెపాసిటర్లతో నడుస్తాయి; క్రిస్టల్‌ది క్వార్ట్జ్ ముక్కతో. మొదటిసారి కట్టేవాళ్లకు నా మాట కోల్పిట్సే.

కారణం కాయిల్. హార్ట్లీలో ఫీడ్‌బ్యాక్ కోసం, అంటే అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇవ్వడానికి, కాయిల్ నడుమ ట్యాప్ (మధ్యలోంచి ఒక కనెక్షన్) తీయాలి. అక్కడ ఎనామిల్ గీకి సోల్డర్ చేయాలి. చోటు కుదరకపోతే మళ్లీ మొదటినుంచి చుట్టాలి. కోల్పిట్స్‌లో ఆ పని రెండు కెపాసిటర్లు చేసేస్తాయి. పసుపురంగు టీ50-6 టొరాయిడ్ (గాజులాంటి గుండ్రటి కోర్) మీద 16 చుట్లు చుడితే సుమారు 1 మైక్రోహెన్రీ. 1000 పికోఫారడ్‌ల కెపాసిటర్లు రెండు సిరీస్‌లో పెడితే 500. లెక్క కడితే 7.1 మెగాహెర్ట్జ్ వస్తుంది. ట్రాన్సిస్టర్ కెపాసిటెన్స్ కూడా కలుస్తుంది కాబట్టి అసలు ఫ్రీక్వెన్సీ కాస్త కిందికి దిగుతుంది. చుట్లను కొంచెం ఎడంగా జరిపి సర్దుకోవచ్చు. సిగ్నల్ చూసే ఆసిలోస్కోపు లేదా? షార్ట్‌వేవ్ రేడియో పక్కన పెట్టి డయల్ మెల్లగా తిప్పండి. మీ సిగ్నల్ తగిలినచోట ఆ బుస్సుమనే హోరు చప్పున అణిగిపోతుంది.

పాత రేడియోలోంచి తీసిన గ్యాంగ్ కండెన్సర్ (తిప్పితే విలువ మారే కెపాసిటర్) ఉంటే మాత్రం హార్ట్లీనే మేలు. గ్యాంగ్ ఎంత తిప్పినా ఫీడ్‌బ్యాక్ నిష్పత్తి మారదు, బ్యాండంతా తిరగొచ్చు.

రెండింటికీ ఉన్న అసలు జబ్బు డ్రిఫ్ట్, అంటే ఫ్రీక్వెన్సీ తనంతట తాను జరిగిపోవడం. కెపాసిటెన్స్ 1 శాతం మారితే ఫ్రీక్వెన్సీ అర శాతం కదులుతుంది, ఇక్కడ 35 కిలోహెర్ట్జ్! అందుకే బ్రెడ్‌బోర్డు వద్దే వద్దు. రాగి బోర్డు మీద కట్టండి, కెపాసిటర్లు సీ0జీ రకమే (వేడికి విలువ పెద్దగా మారనివి) అడిగి తీసుకోండి. వాటితో కూడా ఒక్క డిగ్రీ వేడికి 100 హెర్ట్జ్ దాకా జరగొచ్చు, ఎస్‌ఎస్‌బీ (హ్యాములు మాట్లాడుకునే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతి) మాటల్లో అది చెవికి తెలిసిపోతుంది.

క్రిస్టల్ కదలదు, కానీ మహా అయితే కొద్ది కిలోహెర్ట్జ్‌లే లాగగలం. ఒకే ఫ్రీక్వెన్సీకైతే దాన్ని మించింది లేదు.

రోజూ వినే రిసీవర్‌కు ఎస్‌ఐ5351 పెట్టుకోండి; క్రిస్టల్ నిలకడతో 200 మెగాహెర్ట్జ్ దాకా ఇస్తుంది. అయితే దానికి మైక్రోకంట్రోలర్ కావాలి, బయటికొచ్చేది స్క్వేర్ వేవ్. అందువల్ల 7తో పాటు దానికి మూడు రెట్లైన 21 మెగాహెర్ట్జ్ కూడా బలంగా ఉంటుంది. కాబట్టి దాంతో ట్రాన్స్‌మిటర్ కడితే లో-పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది), హ్యామ్ లైసెన్సు రెండూ లేకుండా యాంటెన్నా తగిలించకండి.