మనాలిలో ఇల్లా, సోలంగ్‌లో గదా?
కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రి బస్సులో మనాలి. స్కీయింగ్‌కి పోయే మా హనుమకొండోళ్లకు అసలు టెన్షన్ బస గురించే.

సోలంగ్ అంటే మనాలి దగ్గర స్కీయింగ్ చేసే లోయ. అక్కడే గది తీసుకుంటే పొద్దున లేవగానే మంచు మీదుంటాం. ఒంటరి కుర్రాళ్లకు అదే మేలు.

పిల్లలతో పోతే నా ఓటు మనాలిలో వంటగది ఉన్న ఇంటికే. బజారు దగ్గర. సోలంగ్‌కు సుమారు 13 కిలోమీటర్ల టాక్సీ ఖర్చు తప్పదు, మంచు బాగా పడితే మామూలు కార్లను పోనివ్వరు కూడా.

అడ్వాన్సు కట్టేముందు కుక్కర్ ఉందో లేదో అడగండి. మనాలి 2,000 మీటర్ల ఎత్తు. అంత ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి. ఉత్త గిన్నెలో కందిపప్పు గంట ఉడికినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. సకినాల డబ్బా ఎలాగూ సంచిలో ఉంటుందనుకోండి!