బార్ లైసెన్సు ఫీజు జేబులోంచా, ఖజానాలోంచా: ఏది మేలు?

అమెరికా రక్షణ శాఖలో ఒక లీగల్ ఆఫీసు అనుకోండి. పక్కపక్కనే రెండు బల్లలు. ఒక బల్ల దగ్గర యూనిఫాంలో కెప్టెన్, జడ్జ్ అడ్వకేట్, అంటే సైన్యంలో న్యాయవాది. వీళ్లను అక్కడ అందరూ ‘జాగ్’ అంటారు. రెండో బల్ల దగ్గర సివిల్ ఉద్యోగిగా పనిచేసే న్యాయవాది. ఇద్దరి ముందుకీ వచ్చే ఫైళ్లు దాదాపు ఒకటే. ఇద్దరిదీ న్యూయార్క్ రాష్ట్రం ఇచ్చిన న్యాయవాద (బార్) లైసెన్సే అనుకుందాం. అది నిలవాలంటే రెండేళ్లకోసారి 375 డాలర్లు కట్టాలి. సివిల్ లాయర్ రసీదు పెడితే ఆ డబ్బు తిరిగిచ్చే అధికారం ఆఫీసుకు ఉంది. కెప్టెన్ రసీదు పెడితే మాత్రం చట్టం పుస్తకం తెరవాల్సిందే.

మన దగ్గర చదువుకున్నవాళ్లకు ఇది కాస్త వింతగా ఉంటుంది. ఇక్కడ లా పట్టా చేతికొచ్చాక బార్ కౌన్సిల్లో ఒక్కసారి ఎన్‌రోల్ అవుతాం. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం ఆ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. అంతకు మించి వసూలు చేయడానికి వీల్లేదని 2024 జులై 30న సుప్రీంకోర్టు బార్ కౌన్సిళ్లకు గట్టిగానే చెప్పింది. అమెరికాలో లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. లైసెన్సు వచ్చిన తర్వాత కూడా ఏటా, లేదా రెండేళ్లకోసారి, ఫీజు కడుతూనే ఉండాలి. కాలిఫోర్నియాలోనైతే ఏడాదికే 500 డాలర్లు దాటుతుంది. ఆపేస్తే లైసెన్సు సస్పెండ్ అవుతుంది. లైసెన్సు లేని లాయరుకు ప్రభుత్వంలో లాయరు ఉద్యోగం ఉండదు.

సొంత జేబులోంచి కట్టుకోవడం పాత పద్ధతి. ఖజానా ఖర్చులపై తీర్పులు చెప్పే కంప్ట్రోలర్ జనరల్ దశాబ్దాల పాటు ఒకటే మాట అన్నారు: ఉద్యోగానికి అర్హత తెచ్చుకోవడం ఉద్యోగి సొంత పని, దానికయ్యే ఖర్చు కూడా సొంతమే. డ్రైవర్ ఉద్యోగానికి వచ్చేవాడు డ్రైవింగ్ లైసెన్సు తనే తెచ్చుకోవాలి కదా, అదే లెక్క. ఇందులో న్యాయం లేకపోలేదు. లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది, ఉద్యోగం మానేసినా వెంట వస్తుంది. రేపు ప్రైవేటు లా ఫర్మ్‌లో చేరితే అదే లైసెన్సు మీద నాలుగింతలు సంపాదించుకోవచ్చు.

కానీ డ్రైవర్ పోలిక కొంతదూరమే నడుస్తుంది. డ్రైవర్ తన లైసెన్సుతో ఆదివారం సొంత కారు నడుపుకుంటాడు. జాగ్ అధికారి రెండుమూడేళ్లకోసారి బదిలీ అవుతూ ఉంటాడు. లైసెన్సు న్యూయార్క్‌ది, పోస్టింగ్ టెక్సాస్‌లోనో జర్మనీలోనో. అక్కడ సైనికులకు వీలునామాలు, అద్దె ఒప్పందాలు చూసిపెట్టడానికి స్థానిక లైసెన్సుతో పనిలేకుండా ఫెడరల్ చట్టమే అనుమతి ఇచ్చింది. కోర్టు మార్షల్‌లో వాదించేటప్పుడూ అంతే, ఏదో ఒక రాష్ట్రం బార్‌లో సభ్యత్వం ఉంటే చాలు. అంటే న్యూయార్క్ లైసెన్సుతో న్యూయార్క్‌లో అతనికి పడే పని దాదాపు ఏమీ లేదు. అతని దగ్గర ఆ కాగితం ఉండాలని కోరుతున్నది సైన్యమే.

పన్నుల సంగతి కూడా ఉంది. సొంత డబ్బు కట్టిన ఉద్యోగికి ఒకప్పుడు కాస్త ఊరట ఉండేది. ఇలాంటి ఖర్చులన్నీ కలిపి ఆదాయంలో 2 శాతం దాటితే, దాటిన మేరకు మినహాయింపు దొరికేది. 2017 పన్ను చట్టం 2018 నుంచి దాన్ని ఆపేసింది, 2025లో శాశ్వతంగా తీసేశారు. సొంతంగా ప్రాక్టీసు చేసే లాయరు బార్ ఫీజును నేటికీ వ్యాపార ఖర్చులో రాసుకుంటాడు. ప్రభుత్వ లాయరుకు ఆ దారి మూసుకుపోయింది. అందుకే జేబు పద్ధతి ఇదివరకటి కంటే ఇప్పుడు ఎక్కువ అన్యాయంగా కనిపిస్తోంది.

రెండో దారి రీయింబర్స్‌మెంట్, అంటే కట్టిన ఫీజును ప్రభుత్వం రసీదు మీద తిరిగివ్వడం. సివిల్ ఉద్యోగుల విషయంలో 2001 డిసెంబరులో రక్షణ బడ్జెట్ చట్టంతో పాటే ఈ తలుపు తెరుచుకుంది. వృత్తి లైసెన్సులు, వాటి పరీక్షల ఖర్చు ఏ శాఖ అయినా తన నిధుల్లోంచి ఇవ్వవచ్చన్నారు. విధాన నిర్ణయాలు చేసే రాజకీయ నియామకాలకు మాత్రం వర్తించదు. బాగానే ఉంది, కానీ ఆ ‘ఇవ్వవచ్చు’ దగ్గరే తిరకాసు. అది ఇవ్వాలని కాదు. ఒక శాఖ ఇస్తుంది, పక్క శాఖ ఇవ్వదు. ఒకే శాఖలో ఒక ఏడాది ఇచ్చి, మరుసటి ఏడాది బడ్జెట్ లేదనవచ్చు. లాయరు జీతంతో పోలిస్తే ఈ ఫీజు చిల్లరే. ఆ చిల్లర కోసం ఏటా ఈమెయిళ్లు, ఆమోదాలు, ‘ఈసారి వస్తుందా రాదా’ అన్న టెన్షన్. డబ్బు కంటే నాకు ఇదే ఎక్కువ చిరాకుగా అనిపిస్తుంది.

సైన్యానికి ఇలాంటి అధికారం 2006 జనవరిలో వచ్చింది, కానీ ఒక మెలికతో. సైన్యంలో నియామకానికి ముందే తప్పనిసరిగా ఉండాల్సిన అర్హతను పొందడానికి ఈ డబ్బు వాడకూడదన్నారు. ఉద్దేశం తెలుస్తూనే ఉంది. సైన్యంలో నేర్చుకున్న వెల్డింగుకో విమానాల మరమ్మతుకో బయట చెల్లే సర్టిఫికెట్ ఇప్పించాలన్నది ఆ చట్టం ఆలోచన. వలలో పడింది మాత్రం లాయర్లు. బార్ సభ్యత్వం లేనిదే జడ్జ్ అడ్వకేట్ కాలేరు కదా!

ఆ వాక్యం లైసెన్సు ‘పొందడం’ గురించే మాట్లాడుతోంది, ఏటా నిలబెట్టుకోవడం గురించి కాదని వాదించవచ్చు. నాకు ఆ వాదన సబబుగానే తోస్తుంది. కానీ వోచర్ మీద సంతకం పెట్టాల్సిన అధికారి వైపు నుంచి చూడండి. చట్టవిరుద్ధమైన చెల్లింపును ధ్రువీకరిస్తే ఆ డబ్బుకు ఆ అధికారే స్వయంగా జవాబుదారీ. ఏడాదికి 187 డాలర్ల కోసం ఎవరు తల పెడతారు? పైగా సర్వీసులో కొనసాగే జడ్జ్ అడ్వకేట్లకు మొత్తం 60,000 డాలర్ల వరకు ప్రత్యేక చెల్లింపు ఇవ్వడానికి కాంగ్రెస్ ఎప్పుడో ఒప్పుకుంది. ఏనుగును దానమిచ్చి అంకుశం దగ్గర బేరమాడటం అంటే ఇదే.

అయితే ఫీజు బదులు జీతంలోనే ఇంత అలవెన్సు అని కలిపేయకూడదా? రసీదుల గొడవ ఉండదు, అందరికీ సమానం. వినడానికి బాగుంటుంది, లెక్కలోనే తేడా కొడుతుంది. సివిల్ ఉద్యోగికి 300 డాలర్ల అలవెన్సు ఇచ్చారనుకోండి. అది జీతమే కాబట్టి 22 శాతం శ్లాబులో ఉన్నవాడికి 66 డాలర్లు ఆదాయపు పన్ను, మరో 23 డాలర్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు. చేతికొచ్చేది 211. అదే 300 రసీదు మీద తిరిగిస్తే ఉద్యోగ ఖర్చు కింద లెక్క, పన్ను ఉండదు. ఇంకో తేడా, తక్కువ ఫీజు ఉన్న రాష్ట్రం వాడికి అలవెన్సులో మిగులుతుంది, కాలిఫోర్నియా వాడికి చాలదు. కాబట్టి ఈ దారి నాకు నచ్చదు.

రాష్ట్రాలే మాఫీ చేస్తే? ఖజానాకు పైసా ఖర్చు లేదు గనక కొందరికి ఇది ఇష్టం. లైసెన్సు నిలవాలంటే లాయర్లు హాజరవ్వాల్సిన శిక్షణ తరగతుల విషయంలో రాష్ట్రాలు ఇలాంటి సడలింపు చూపిస్తూనే ఉన్నాయి. పూర్తికాలం సైన్యంలో ఉన్న లాయర్లకు న్యూయార్క్ నిరంతర విద్య తరగతులు మినహాయించింది. ఫెడరల్ ప్రభుత్వంలో పూర్తికాలం పనిచేసే లాయర్లను కాలిఫోర్నియా కూడా వాటి నుంచి వదిలేసింది. కానీ తరగతి మాఫీ చేస్తే బార్‌కు పోయేదేమీ లేదు, ఫీజు మాఫీ చేస్తే ఆదాయం పోతుంది. ఆ ఫీజుతోనే లాయర్ల మీద ఫిర్యాదుల విచారణ నడుస్తుంది. ప్రభుత్వ లాయర్లు కూడా ఆ విచారణకు లోబడినవాళ్లే. ఫెడరల్ ప్రాసిక్యూటర్లు తాము పనిచేసే రాష్ట్రం నైతిక నియమాలను పాటించాలని 1998లో కాంగ్రెస్ చట్టం చేసింది, మరుసటి ఏడాది నుంచి అమల్లో ఉంది. కాపలా కాసేవాడి జీతం మిగతా లాయర్లు కట్టాలి, మేం మాత్రం కట్టం అంటే కుదరదు.

కొన్నిచోట్ల తక్కువ ఫీజుతో ‘ఇన్‌యాక్టివ్’ (ప్రాక్టీసు చేయని సభ్యుడి) హోదా దొరుకుతుంది. అది కూడా అందరికీ పనికిరాదు. న్యాయశాఖ తన లాయర్లకు క్రియాశీల సభ్యత్వమే ఉండాలంటుంది.

ఇంతకీ రీయింబర్స్‌మెంటే మేలు అంటే, దేనికి, ఎంతవరకు అన్నది తేల్చుకోవాలి. బార్ పరీక్ష ఫీజు, కోచింగ్ ఖర్చు ఉద్యోగంలో చేరకముందువి. అక్కడ కంప్ట్రోలర్ జనరల్ పాత మాటే నాకు సరైనదనిపిస్తుంది. రెండు రాష్ట్రాల్లో లైసెన్సు ఉన్నవాళ్లకు ఒకదానికే ఇవ్వాలి. రెండోది రేపటి ప్రైవేటు ప్రాక్టీసు కోసం దాచుకున్నది, దాని సంగతి వాళ్లే చూసుకోవాలి. సంఘాల సభ్యత్వ రుసుము కట్టడాన్ని ఫెడరల్ చట్టం ఎప్పటినుంచో నిషేధించింది, అది అలాగే ఉండాలి. వర్జీనియాలో స్టేట్ బార్ తప్పనిసరి, వర్జీనియా బార్ అసోసియేషన్ ఐచ్ఛికం. పేర్లు చూస్తే ఒకటే అనిపిస్తాయి, వోచర్ చూసేవాళ్లు జాగ్రత్తగా చూడాలి.

లైసెన్సు, సభ్యత్వం ఒకే ముద్దగా ఉన్న టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో ఇంకో చిక్కుంది. తప్పనిసరి రుసుమును వృత్తితో సంబంధం లేని రాజకీయ, సైద్ధాంతిక పనులకు వాడకూడదని కాలిఫోర్నియా బార్ మీద వచ్చిన కెల్లర్ కేసులో 1990లోనే సుప్రీంకోర్టు తేల్చింది. సభ్యుడు అభ్యంతరం చెబితే ఆ వాటా తగ్గించాలి. సభ్యుడి తరఫున డబ్బు కట్టేది ప్రభుత్వమైతే అభ్యంతరం ఎవరు చెప్పాలి? నా మటుకు, లైసెన్సుకు తప్పనిసరైన కనీస మొత్తమే తిరిగివ్వాలి. ఐచ్ఛిక విభాగాలు, విరాళాల గడుల్లో ఎవరైనా టిక్కు పెడితే అది వాళ్ల జేబు ఖర్చు.

యజమానే ఫీజు కడితే లాయరు స్వతంత్రత ఏమవుతుందని అడిగేవాళ్లూ ఉన్నారు. ప్రైవేటు ఫర్మ్‌లు తమ లాయర్ల ఫీజులు మామూలుగానే కడుతుంటాయి. జీతం తీసుకోవడంతో పోని స్వతంత్రత ఫీజు దగ్గర పోతుందా?

సైన్యం విషయంలో కొత్త పథకం, కొత్త నిధి అక్కర్లేదు. నియామకానికి ముందే ఉండాల్సిన అర్హతను ‘పొందడానికి’ డబ్బు వాడకూడదన్న ఆ వాక్యం పక్కనే ఇంకొకటి రాయాలి: సర్వీసులో ఉండగా ఒక రాష్ట్రంలో దాన్ని ‘నిలబెట్టుకోవడానికి’ అయ్యే ఫీజు దీని కిందికి రాదు, దాన్ని రసీదు మీద తిరిగి ఇవ్వాలి అని. సివిల్ లాయర్ల చట్టంలో, ఉద్యోగానికి కావాల్సిన ఆ ఒక్క లైసెన్సు మేరకు, ‘ఇవ్వవచ్చు’ కొట్టేసి ‘ఇవ్వాలి’ అని రాస్తే చాలు.