సైటు ఎక్కువున్నవాళ్ళు లేసిక్‌కి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల లేసిక్, అంటే లేజర్‌తో కళ్ళజోడు పవర్ తీసే ఆపరేషన్, చేయించుకోవాలని చూస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ముఖ్యంగా కళ్ళజోడు పవర్ మైనస్ 6 దాటినవాళ్ళు దయచేసి చివరిదాకా చదవండి. నా కుడికన్ను పోయినంత పనైంది.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక స్కూల్లో టీచర్‌ని. ఆరో తరగతి నుంచి కళ్ళజోడు. చివరికి కుడికంటికి మైనస్ 7.5, ఎడమకంటికి 7 దగ్గర ఆగింది. ఒక వేసవి సెలవుల్లో విజయవాడలో ఒక కంటి ఆసుపత్రిలో లేసిక్‌కి వెళ్ళాను. పేరు రాయను. రెండు కళ్ళకీ కలిపి ప్యాకేజీ, ఆ వారంలో కడితే తగ్గింపు అన్నారు. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, దాని మందం చూశారు, దాని వంపు మ్యాపు తీశారు, కన్నీటి పరీక్ష చేశారు. అన్నీ కంటి ముందు భాగం పరీక్షలే. చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి, వెనక ఉన్న రెటీనా, అంటే బొమ్మ పడే పలచటి పొర, ఎవరూ చూడలేదు. ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే, పరీక్షలయ్యాక నేనే స్కూటీ నడుపుకుంటూ వారధి దాటి గుంటూరు వచ్చాను. ఆ చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, ఎండ చూడలేం, బండి నడపొద్దంటారు. నా ఫైల్లో మాత్రం రెటీనా అన్న చోట 'నార్మల్' అని రాసి ఉంది. అది నేను చదివింది చాలా ఆలస్యంగా.

లేసిక్ బాగానే జరిగింది, ఆ మాట చెప్పాలి. మర్నాడు పొద్దున గోడగడియారం కళ్ళజోడు లేకుండా కనిపిస్తే ఏడ్చేశాను.

పద్నాలుగు నెలలు గడిచాయి. ఒక గురువారం రాత్రి పరీక్ష పేపర్లు దిద్దుతుంటే కుడికంట్లో నల్లటి నలుసులు, పేపరు మీద ఆవాలు ఒలికినట్టు. చేత్తో తుడిచాను, పోలేదు. కన్ను తిప్పితే వెంట అవీ తిరిగాయి. లైటు తీసి పడుకున్నాక కంటి చివర మెరుపు, ఎవరో టార్చి వేసి ఆర్పినట్టు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేశాను. "లేసిక్ తర్వాత కళ్ళు పొడిబారడం మామూలే మేడమ్, టెన్షన్ పడకండి, చుక్కలు వేసుకుని సోమవారం రండి" అంది కౌన్సెలర్. డాక్టరుగారికి ఫోన్ ఇవ్వమంటే ఇవ్వలేదు. నేనూ నమ్మాను. శనివారం సాయంత్రానికి ముక్కు వైపు కిందనుంచి నల్లటి తెర లేవడం మొదలైంది. ఆదివారం పొద్దున ఎడమకన్ను మూసి మా ఆయన ముఖం చూస్తే నుదురు, కనుబొమలు ఉన్నాయి, గడ్డం లేదు. మధ్యాహ్నానికి ముఖమే లేదు.

ఆ రోజే వేరే ఆసుపత్రిలో రెటీనా డాక్టరుగారు దొరకడం మా అదృష్టం. రెటీనా పైభాగంలో చిరిగి ఊడిపోయిందన్నారు. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి పైన ఊడితే తెర కింద కనిపిస్తుందట. చూపుకి కీలకమైన మధ్యభాగం, మాక్యులా, అప్పటికే లేచిపోయింది. నలుసులు కనబడ్డప్పుడే వచ్చి ఉంటే చిరుగు చుట్టూ లేజర్ వేసి ఆపే అవకాశం ఉండేదన్నారు. ఇంతగా ఊడాక లేజర్ ఒక్కదానితో అతకదు, ఆపరేషనే.

"ఇదివరకే లేజర్ చేశారుగా డాక్టరుగారూ, మళ్ళీ లేజరేంటి?" అని మా నాన్న అడిగారు. చాలామందికి ఇదే అనుమానం. డాక్టరుగారు చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. లేసిక్‌లో లేజర్ కంటి ముందున్న కార్నియాను చెక్కి పవర్ తీస్తుంది. రెటీనాకి వేసేది వేరే లేజర్. చిరుగు చుట్టూ చిన్నచిన్న మచ్చలు వేస్తుంది, రెండు వారాల్లో అవి గట్టిపడి పొరను వెనక గోడకి కుట్టు వేసినట్టు పట్టి ఉంచుతాయి. మామూలు కన్ను పొడవు 24 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. నాది 26.5. కన్ను పొడవు పెరిగేకొద్దీ లోపలి పొర సాగి పలచబడుతుంది, అంచుల్లో లాటిస్ అనే నీరసమైన జాగాలు, రంధ్రాలు రావచ్చు. లేసిక్‌తో కళ్ళజోడు పోతుంది గానీ కన్ను పొట్టిదవదు. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

లేసిక్ వల్లే ఊడిందని నేను అనడం లేదు, డాక్టరుగారూ అనలేదు. ఇంత సైటున్నవాళ్ళకి ఏ లేజరూ చేయించుకోకపోయినా ఊడొచ్చు. చూడకుండా చూశామని రాశారే, ముప్పు ఉందని ఒక్క మాట చెప్పలేదే, నలుసులు, మెరుపులు అని చెప్తుంటే ఫోన్లోనే పొడికళ్ళని తేల్చేశారే, నా కోపమంతా దాని మీద.

ఆపరేషన్‌లో రెటీనా మళ్ళీ ఊడకుండా కంట్లో సిలికాన్ ఆయిల్ నింపారు. అది రెటీనాకి ఆనేలా పది రోజులు బోర్లా పడుకున్నాను, అన్నం కూడా పీట మీద కంచం పెట్టుకుని తల వంచే తిన్నాను. నాలుగు నెలలకి ఆయిల్ తీయడానికి ఇంకో ఆపరేషన్. ఇప్పుడు కుడికంటితో చూస్తే పిల్లల రూళ్ళ పుస్తకంలో గీతలు అలల్లా వంగి ఉంటాయి. ఎడమకంట్లో కూడా లాటిస్‌లో ఒక రంధ్రం దొరికింది. దాని చుట్టూ లేజర్ వేయడానికి పట్టింది పదిహేను నిమిషాలు.

కాబట్టి డబ్బు కట్టే ముందు, చుక్కలు వేసి రెటీనాను అంచులదాకా చూడమని మీరే నోరు తెరిచి అడగండి. రెటీనా మధ్యభాగానికి తీసే మామూలు ఫోటోలో అంచులు పడవు. లేసిక్ అయ్యాక కూడా ఏడాదికోసారి చూపించుకోండి. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే మీ పాత పవర్ చెప్పండి, కళ్ళజోడు లేని మనిషిని చూసి మైనస్ 7 అని ఎవరూ అనుకోరు. లేసిక్ ముందు రిపోర్టులు పారేయకండి, రేపు శుక్లాల ఆపరేషన్‌లో లెన్సు లెక్క కట్టడానికీ పనికొస్తాయి. ఉన్నట్టుండి నలుసులు, మెరుపులు, తెర కనిపిస్తే ఫోన్లో సలహాలు వద్దు, ఆ రోజే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మా తమ్ముడికి మైనస్ 6. వాడూ లేసిక్‌కి అడ్వాన్సు కట్టడానికి సిద్ధమయ్యాడు. పోయిన వారం నేనే తీసుకెళ్ళి చుక్కలు వేయించి చూపించాను. లాటిస్ ఉంది, రంధ్రాలు లేవు, ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. వచ్చేటప్పుడు వాడికి ఫోన్లో అక్షరాలు కనిపించక నన్నే చదవమన్నాడు. బండి అక్కడే వదిలేసి బస్సులో గుంటూరు వచ్చాం.