ఆరేళ్లుగా వాడుతున్న ఆటోమేటిక్ లైఫ్ జాకెట్

పడవ ఎక్కితే చాలు, ఇది మెడలో ఉండాల్సిందే. ఆరేళ్లుగా అదే అలవాటు. గాలి నిండే రకం, 150 న్యూటన్లది. అంటే నిండాక సుమారు 15 కిలోల బరువును తేల్చగలదు.

అంతకుముందు ఫోమ్ జాకెట్ ఉండేది. అది వేసుకుని ఇంజిన్ మీదకు వంగితే పొట్టకి అడ్డం పడేది. ఎండలో ఉక్కపోత భరించలేక విప్పి పక్కన పడేసేవాణ్ణి. పక్కన పడేసిన జాకెట్ నీళ్లలో పడ్డవాణ్ణి కాపాడదు కదా! ఇదైతే మడతపెట్టిన కండువాలా మెడ మీద పడి ఉంటుంది. కాసేపటికి ఉందన్న సంగతే మర్చిపోతాం.

లోపలి ఏర్పాటు చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. బాగా బిగిసిన స్ప్రింగును ఒక చిన్న బిళ్ల ఆపి ఉంచుతుంది. నీళ్లు తగలగానే బిళ్ల కరిగిపోతుంది, స్ప్రింగు ఒక్క ఉదుటున సూదిని తోస్తుంది, సూది సిలిండర్ మూతికి చిల్లు పెడుతుంది. లోపలున్న 33 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సంచిలోకి దూసుకొస్తుంది. బ్యాటరీ లేదు, వైరు లేదు. ఒకవేళ అది పేలకపోతే, అంటే సంచి దానంతటదే నిండకపోతే, లాగడానికి తాడు, అదీ పనిచేయకపోతే నోటితో ఊదుకోవడానికి గొట్టం ఉన్నాయి.

రెండో ఏడాది నిజంగానే పరీక్ష ఎదురైంది. తాడు కడుతుంటే కాలు జారి నీళ్లలో పడ్డాను. చెవి పక్కనే ఢామ్మన్న చప్పుడు, ఆ వెంటనే మెడ చుట్టూ బిగింపు. కొన్ని సెకన్లలోనే ముఖం ఆకాశం వైపు తిరిగి ఉంది. కానీ తొడల మధ్య నుంచి వచ్చే పట్టీని ఆరోజు పెట్టుకోలేదు. జాకెట్ పైకి జరిగి గడ్డం కింద నొక్కుతుంటే, రెండు చేతులతో కిందికి లాక్కుంటూ తేలాను. పైకెక్కడం ఇంకో అవస్థ. ఛాతీ మీద ఉబ్బిన సంచి అడ్డం వచ్చి పడవ అంచు అందలేదు, పక్కవాళ్లే పైకి లాగారు. ఆరోజు నుంచి ఆ పట్టీ పెట్టుకోకుండా పడవలో కాలు పెట్టలేదు.

లోపాలూ ఉన్నాయి. ఒక వానాకాలం తడి గుడ్డల పక్కన సీటు కింద పెట్టెలో ఉంచితే, తేమకి బిళ్ల మెత్తబడి పెట్టెలోనే పేలిపోయింది. కొత్త బిళ్ల, కొత్త సిలిండర్ వేయాల్సి వచ్చింది. ఎప్పుడూ తడిలో తిరిగేవాళ్లకు నీటి ఒత్తిడితో పనిచేసే రకం మేలు. సుమారు 10 సెంటీమీటర్ల లోతుకు వెళ్తేనే అది పేలుతుంది. వానకీ తుంపరకీ చలించదు. ఖరీదు మాత్రం ఎక్కువ.

నన్ను ఎక్కువ భయపెట్టింది నాలుగో ఏడాది. కవరు విప్పి చూస్తే సిలిండర్ మర సగం వదులైపోయి ఉంది. నడకలో, ఒరుసుకోవడంలో దానంతటదే తిరిగిందన్నమాట. పైనున్న చిన్న గుర్తు మాత్రం అంతా బాగుందన్నట్టు ఆకుపచ్చగానే కనిపిస్తోంది! అలాంటప్పుడు సూది సిలిండర్‌ని చేరకపోవచ్చు. అందుకే ఇప్పుడు ఎక్కే ముందు ప్రతిసారీ కవరులో చెయ్యిపెట్టి సిలిండర్‌ని బిగిస్తాను. ఏడాదికోసారి వంటింటి త్రాసు మీద తూచి, దాని మీద చెక్కిన బరువుతో సరిచూస్తాను. నోటితో ఊది రాత్రంతా వదిలేసి, పొద్దున మెత్తబడిందా అని నొక్కి చూస్తాను.

పనిముట్ల గురించి ఒక్క మాట. పడవలో మరలు బిగించడానికి రాట్చెట్ పానా వాడతాను, అంటే మర మీంచి తీయకుండానే ముందుకీ వెనక్కీ ఊపుతూ బిగించేది. ఒక చెయ్యి పట్టుకోవడానికి ఖాళీగా ఉంటుంది. దాన్ని సాగే తాడుతో మణికట్టుకు కడతాను. జాకెట్‌కి మాత్రం కట్టకండి, బరువంతా మెడ మీద పడుతుంది.

పిల్లలకి, ఈత రానివాళ్లకి, మాటిమాటికీ నీళ్లలో దూకేవాళ్లకి ఫోమ్ జాకెట్టే సరైనది. మిగతావాళ్లకి నేను దీన్నే చెబుతాను. నా బిళ్ల మీద ముద్రించిన గడువు వచ్చే నెలతో ముగుస్తుంది, కొత్తది ముందే తెచ్చిపెట్టుకున్నాను.